తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

(నల్గొండలో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉదయం నుంచి భూమి పట్టాల గురించి, కూలి రేట్ల గురించి, గృహహింస గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడు నేను పాస్‌వర్డుల గురించి మాట్లాడతానంటే, ఇది పట్నంలో చదువుకున్నవాళ్ల తలనొప్పి అని కొందరికి అనిపించవచ్చు. కానీ ఇది కూడా ఆస్తిహక్కుకు సంబంధించిన విషయమే. స్త్రీ పేరు మీద ఖాతా ఉండటం ఒక సంగతి. ఆ ఖాతాను తెరిచే నంబరు ఆమె చేతిలో ఉండటం మరో సంగతి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 84 మందికి తాము వాడుకునే బ్యాంకు ఖాతా ఉంది. తాము వాడుకునే ఫోను ఉన్నది సుమారు 60 మందికే. ఖాతా ఆమెది, దానికి వచ్చే ఓటీపీ మాత్రం ఇంకొకరి ఫోనుకు. సమస్య ఈ తేడాలోనే ఉంది.

నల్గొండ, పాలమూరు పల్లెల్లో "మీ ఏటీఎం నంబరు మీకు తెలుసా?" అని అడిగితే నేను తరచుగా వినే జవాబు, "నాకేమెర్క, మా పెద్దోడే చూస్తడు" అని. కార్డు కవరు మీదే పెన్నుతో నాలుగంకెలు రాసి ఉంటాయి. వలస పోయిన భర్త దగ్గర ఫోను ఉంటే ఓటీపీ అక్కడికి పోతుంది. ఆయన పనిలో ఉండి ఎత్తకపోతే ఇక్కడ ఆమె పని ఆగిపోతుంది. ఫోనే లేని ఆమెకు వేలిముద్రే పాస్‌వర్డు. యంత్రం మీద వేలు పెడుతుంది, ఎంత తీశారో ఆ యంత్రం పట్టుకున్నవాళ్లు చెప్పిందే లెక్క. అంకెలైతే మార్చుకోవచ్చు, వేలిని మార్చుకోలేం. వేలిముద్రకు తాళం వేసుకునే సదుపాయం ఆధార్ సంస్థ ఇచ్చింది. దానికీ ఆధార్‌తో జతచేసిన ఫోను నంబరే కావాలి.

క్షేత్రస్థాయిలో పనిచేసే స్త్రీల పరిస్థితి మరో రకం. అంగన్‌వాడీ టీచరుకు 2021 నుంచి పోషణ్ ట్రాకర్ వచ్చింది. దానికి తోడు రాష్ట్రం యాప్, ఈమెయిల్, బ్యాంకు, ఫోను తాళం. ఒక్కోదానికి ఒక్కో పాస్‌వర్డు. గర్భిణి పేరు ఎక్కించాలంటే ఆమె ఓటీపీ అడగాలి. ఎవరికీ ఓటీపీ చెప్పవద్దని ప్రకటనలిచ్చేది ప్రభుత్వమే, అడిగి ఎక్కించమని టీచరుకు చెప్పేదీ ప్రభుత్వమే. అడిగితే చెప్పడం ఇలా అలవాటవుతుంది. మోసగాళ్లు వాడుకునేది ఈ అలవాటునే.

మోసం జరిగాక భారం ఎవరి మీద పడుతుంది? రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన ఉత్తర్వు, బ్యాంకు తప్పుంటే ఖాతాదారు నష్టపోనక్కర లేదంది. కానీ ఖాతాదారే తన రహస్య నంబరు ఇతరులకు చెప్పి ఉంటే, బ్యాంకుకు ఫిర్యాదు చేసేదాకా జరిగిన నష్టమంతా ఆమెదేనంది. బెంగళూరులో 2013లో ప్రసూతి సెలవులో ఉన్న ఒకామె డబ్బు తెమ్మని భర్తకు కార్డు, పిన్ ఇచ్చింది. మిషన్ చీటీ ఇచ్చింది కాని, 25 వేలు ఇవ్వలేదు. పిన్ వేరొకరికి ఇవ్వడమే తప్పని బ్యాంకు వాదించింది. 2018లో వినియోగదారుల ఫోరం కూడా బ్యాంకు వైపే తీర్పు చెప్పింది.

ఇక్కడ ఆలోచించవలసింది ఉంది. చట్టం దృష్టిలో ఆమె తన రహస్యం తాను కాపాడుకోవలసిన వ్యక్తి. ఇంట్లో మాత్రం "ఆలుమగల మధ్య దాపరికమేంది?" అంటారు. ఆయన నంబరు ఆమెకు తెలియకపోవడం ఎవరికీ దాపరికంగా కనిపించదు. చెప్పకపోతే కుటుంబం తప్పుపడుతుంది, చెబితే బ్యాంకు తప్పుపడుతుంది.

మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. అన్ని పాస్‌వర్డులూ గుర్తుండవు. ఒక నోటుబుక్కులో రాసుకోవడం నామోషీ కాదు. దాన్ని కార్డుతోనో ఫోనుతోనో కలిపి పెట్టకుండా తాళం వేసిన పెట్టెలో ఉంచాలి. పిన్ మాత్రం గుర్తుపెట్టుకోవాలి, తప్పకపోతే తనకే అర్థమయ్యే గుర్తుగా రాసుకోవాలి. చిన్న గజిబిజి మాటకన్నా, ఇతరులు ఊహించలేని నాలుగైదు మాటల పొడుగు పాస్‌వర్డు గట్టిది, గుర్తుంటుంది కూడా. ఈమెయిల్ పాస్‌వర్డు అన్నింటికన్నా భద్రం, మిగతావాటిని మార్చేది చాలాసార్లు దాని ద్వారానే. సిమ్ కార్డు తన పేరు మీద ఉండాలి.

కౌన్సెలింగ్ చేసే మిత్రులకు ఒక మాట. హింస భరించలేక ఇల్లు వదిలి వచ్చిన స్త్రీని నగలు, సర్టిఫికెట్ల గురించి అడుగుతాం. ఫోను, ఈమెయిల్, బ్యాంకు నంబర్లు ఎవరికి తెలుసని కూడా అడగాలి. ఇంకా ఆ ఇంట్లోనే ఉన్న ఆమె హఠాత్తుగా పాస్‌వర్డు మారిస్తే దెబ్బలు పడవచ్చు. ఎప్పుడు మార్చాలో ఆమెతో కూర్చుని, ఆమె నిర్ణయం ప్రకారమే చేయాలి. డబ్బు పోతే వెంటనే బ్యాంకుకూ 1930 నంబరుకూ ఫోను చేయాలని ప్రతి సంఘంలో చెప్పాలి.

1993లో మహిళా సమత కార్యక్రమం ఈ పాలమూరులో, మెదక్‌లో మొదలైంది. వేలిముద్ర వేసే స్త్రీలు సంఘాల్లో కూర్చుని సంతకం నేర్చుకున్న చరిత్ర మనకుంది. అలాగే ఇప్పుడు ప్రతి సంఘం నెలకొకసారి ఏటీఎం దగ్గరికి కలిసి వెళ్లి, ఎవరి నంబరు వాళ్లే మార్చుకోవడం నేర్పాలి. అదే సమయంలో ప్రభుత్వాన్నీ అడగాలి. ఫోను లేని స్త్రీకి ఓటీపీ లేకుండా పని జరిగే దారి ఉండాలి. అంగన్‌వాడీ టీచరు చేత ఓటీపీలు అడిగించడం మానాలి. ఈ రెండు డిమాండ్లనూ ఈ సమావేశం తీర్మానంలో చేర్చమని కోరుతున్నాను.