బండిలో రెండవ బ్యాటరీ

పుష్య అమావాస్యకు ఆదిలాబాదు జిల్లా కేస్లాపూరులో జరుగు నాగోబా జాతరకు, కరీంనగరమునుండి వ్యానులో పోయి రెండు దినములు బస చేయుదమనుకొందము. దీపములును, మందులుంచు చిన్న శీతలపెట్టెయును సగటున 2 ఆంపియర్లు తీసికొన్నచో 48 గంటలకు 96 ఆంపియర్-గంటలు వ్యయమగును. 100 ఆంపియర్-గంటల సీసపు బ్యాటరీని సగమునకు మించి వాడుచుండిన దాని ఆయువు క్షీణించును. కావున రెండవది కావలెను.

రెండును 12 వోల్టులవి, ఒకే రకము, ఒకే సామర్థ్యము, ఒకే వయస్సు గలవై యుండవలెను. పాతది క్రొత్తదానిని కూడ క్రుంగదీయును. ధనధ్రువమును ధనధ్రువముతో, ఋణధ్రువమును ఋణధ్రువముతో కలుపుడు. ఒకదాని ధనమును వేరొకదాని ఋణమునకు తగిలించి శ్రేణిగా వాడినచో 24 వోల్టులై దీపములు మాడిపోవును. ప్రతి బ్యాటరీ ధనధ్రువము చెంతనే ఫ్యూజు ఉంచుడు.

ఇంజను బ్యాటరీని మాత్రము, ఇంజను ఆగినంతనే విడిపోవు రిలే ద్వారా వేరుపరచుడు. అడవిదారిలో తెల్లవారుజామున బండిని కదలించునది అదియే.