కాకియు ఎలుకయు

పిల్లల కథలలో జంతువులు మాటలాడుట వింత కాదు. కాకి యెలుకతో చెలిమి చేయుట వింత. ఒకటి భక్షకము, రెండవది భక్ష్యము. పరవస్తు చిన్నయసూరి 1853లో ప్రకటించిన నీతిచంద్రికలో, మిత్రలాభమున, హిరణ్యకుడను ఎలుక లఘుపతనకమను కాకికి మొదట చెప్పిన యభ్యంతరము ఇదియే.

వలలో చిక్కిన పావురముల కట్లను ఎలుక కొరికి విడిపించుట చూచి కాకి దానిపై మనసుపడినది. ఎలుక వెంటనే కలుగు వెడలి రాలేదు. లోపలనుండియే బదులు చెప్పినది. నక్క తీయని మాటలు నమ్మి లేడి వలలో పడిన వృత్తాంతమును వినిపించినది. అందులోనే మరియొక కథ కలదు. పిల్లిని నమ్మి చెట్టుతొఱ్ఱలో చోటిచ్చిన ముసలి గ్రద్ద, ఆ పిల్లి తిన్న పక్షికూనలకై తాను ప్రాణములు గోల్పోయినది. పిల్లలకు చెప్పునపుడు ఈ భాగమును విడువరాదు. పగవాని నెల్ల నమ్ముమనుట ఇందలి నీతి కాదు. నడత నెఱిగి నమ్ముమనుట.

తరువాత మిత్రుడైన తాబేలు వేటకాని చేజిక్కినపుడు, లేడి చచ్చినట్లు పడియుండెను. కాకి దానిపై వ్రాలి కన్నులు పొడుచుచున్నట్లు నటించెను. వేటకాడు తాబేటిని దించి లేడికై పోవగా ఎలుక కట్లు కొరికెను. పీనుగును పొడుచుట కాకికి స్వభావము. కొరుకుట ఎలుకకు స్వభావము. అవి తమ స్వభావమును మానుకొనలేదు, మిత్రుని కొరకు వినియోగించినవి.

నీతివేత్తలు వైరము సహజము, కృత్రిమము అని రెండు విధములనిరి. పిల్లికిని ఎలుకకును గలది సహజము. ఏదో కారణమున పుట్టించుకొన్నది కృత్రిమము. ఈ రెండవదానికి మన పల్నాటి కథకంటె వేఱు నిదర్శనమేల? 12వ శతాబ్దమున నలగామరాజును మలిదేవరాజును ఒక తండ్రి బిడ్డలు. కోడిపందెపు పణమునకు మలిదేవాదులు రాజ్యము విడిచిపోవలసివచ్చెను. తుదకు కారెంపూడి రణభూమి అయ్యెను. ఆ పుంజులకు రాజ్యముతో పనియేమి? వానిని బరిలో దించినవారు మనుష్యులు.

నేటికిని కార్తిక అమావాస్యకు కారెంపూడిలో ఆరంభమగు వీరుల ఉత్సవములు ఐదు దినములు జరుగును. వానిలో కోడిపోరును కలదు. బ్రహ్మనాయుని తలచుకొని కులభేదము లేక కలసి భుజించు చాపకూడును కలదు. బిడ్డలకు రెండును చూపుచున్నాము. పెద్దల కక్షలు నరసరావుపేటనైనను, మాచర్లనైనను, గురజాలనైనను బిడ్డలకు పుట్టుకతో వచ్చినవి కావు; ఇంటిమాటలు విని వారు నేర్చుకొనునవి. అట్టి మాటలు దొరలు వేళ ఈ కథ చెప్పి చూడుడు.

“కాకి ఎలుకను తినదా?” యని పిల్లవాడు తప్పక అడుగును. తినునని చెప్పవలసినదే. తినగలిగియు తినకుండుటయే అక్కడి స్నేహము.