మెత్తని యెముక
(వార్షికోత్సవ సందర్భమున తలిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగము)



ఇట్టి సభలలో ప్రధానోపాధ్యాయుడు ఉత్తీర్ణుల లెక్కలు చదువుట ఆచారము. ఆ లెక్కలు నివేదికలో కలవు. నేడు వేరొక సంగతి మనవి చేయదలచితిని. ఎనిమిదవ తరగతిలో శరీరశాస్త్రము బోధించుచుండగా ఒక బాలుడు లేచి, "అయ్యా! చెవి మెలిపెట్టినచో విరుగునా?" అని యడిగెను. తరగతి యంతయు నవ్వినది. నాకు మాత్రము నవ్వు రాలేదు.

మీలో ప్రతివారును చెవి పైభాగమును మెల్లగా మడచి విడిచి చూడుడు. అది వెంటనే మునుపటి రూపమునకు వచ్చును. అందున్నది గట్టి యెముక కాదు, మాంసమును కాదు. దానిని మృదులాస్థి యందుము. మెత్తని యెముక యని యర్థము. మన తమిళ సోదరులు దానినే కురుత్తెలుంబు అందురు. తాటిమొవ్వవలె లేతయైన యెముక యని భావము. ఇంట నొక భాషయు వీథిలో నొక భాషయు విను మన పిల్లలకు రెండు పేళ్లును తెలియుట లాభమే.

ఈ మృదులాస్థి మూడు విధములు. మొదటిది కాచాభ మృదులాస్థి. గాజువలె నున్నగా, నీలిఛాయ గల తెలుపున నుండును. కీళ్లలో ఎముకల కొనలపై పూతవలె నుండి రాపిడిని తగ్గించును. ముక్కు కొనయందును, స్వరపేటికయందును, పక్కటెముకలను రొమ్ముటెముకతో కలుపు చోటను ఇదియే యుండును. శ్వాసనాళము ముడుచుకొనిపోకుండ నిలుపు 16 మొదలు 20 వరకు గల అర్ధవలయములును దీనితో నైనవే.

రెండవది స్థితిస్థాపక మృదులాస్థి. వంచిన వంగి, విడిచిన నిలుచునది. వెలిచెవియందును, మ్రింగునపుడు అన్నము శ్వాసమార్గమున పడకుండ కాపాడు ఉపజిహ్వికయందును ఇది కలదు.

మూడవది తంతుయుత మృదులాస్థి. మూటింటిలోను బలిష్ఠమైనది. వెన్నుపూసల నడుమ దిండ్లవలె నుండు బిళ్లలు, మోకాటిలోని అర్ధచంద్రాకారపు మెత్తలు దీనితో నైనవి. బరువును, కుదుపును ఓర్చుట దీని పని.

ఇక ముఖ్యవిషయము. మృదులాస్థిలో రక్తనాళములు లేవు. చుట్టునున్న పొరనుండియో, కీలులోని ద్రవమునుండియో ఊరివచ్చు ఆహారముతోనే అది జీవించును. అందుచేత ఒకసారి చెడినచో బాగుపడుట మిక్కిలి కష్టము. చెవిని గట్టిగా మెలిపెట్టినను, చెవిపై కొట్టినను, పొరకును మృదులాస్థికిని నడుమ రక్తము చేరవచ్చును. అప్పుడు ఆహారమందక మృదులాస్థి నశించి, చెవి ముడుతలుపడి వికారమగును. మల్లయోధుల చెవులు కొన్ని అట్లుండుటకు కారణ మిదియే.

నేను ఉద్యోగమున చేరిన తొలి దినములలో లెక్క తప్పిన యొక బాలుని చెవి మెలిపెట్టితిని. మరునాడు ఆ చెవి వాచియుండెను. తండ్రి వచ్చినపుడు కోపించునని భయపడితిని. ఆయన నాకు నమస్కరించి, "ఇంకను గట్టిగా పెట్టండి, అయ్యా!" అనెను. దైవకృపచే వాపు తగ్గినది. ఆ నమస్కారము మాత్రము నన్ను నేటికిని బాధించుచున్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టము బడిలో దేహదండనను నిషేధించినది. కాని ఆ చట్టమునకు ముందే ఆ నమస్కారము నా చేతిని ఆపినది.

కావున మీకు నాలుగు మనవులు. ఉపాధ్యాయుని చేతికి గాని, మీ చేతికి గాని పిల్లల చెవి నప్పగింపకుడు. దెబ్బ తగిలి చెవి వాచినచో నాడే వైద్యునికి చూపుడు. చెవులు కుట్టించునపుడు తమ్మెకే కుట్టింపుడు; అందు మృదులాస్థి లేదు. పైభాగమున కుట్టించి చీము పట్టినచో మానుట కష్టము. నాలుగవది, ఎదుగు పిల్లల పొడుగెముకల కొనలయందు మృదులాస్థి ఫలకము లుండును. ఎముక పెరుగుట వానివలననే. ఆటలో పడి కీలు దగ్గర వాచినచో బెణుకని మర్దనతో సరిపెట్టక, ఎక్స్‌రే తీయింపుడు. ఆ ఫలకము చెడినచో ఎముక పొట్టిగానో వంకరగానో పెరుగవచ్చును.

ఆ బాలునికి నేను చెప్పిన సమాధానమిది: "నాయనా! చెవి ఎముకవలె ఫెళ్లున విరుగదు. కాని చెడగలదు, చెడినచో మునుపటి రూపము రాదు. ఇకమీదట ఈ బడిలో నీ చెవి నెవ్వరును ముట్టరు." ఆ మాటను మీ యింటిలోను నిలుపవలయునని ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.