గుండెమంట: మందు, మితము, మెలకువ

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



నిన్నటి దినమున మీరందరు జూబిలీ హిల్సును, ఫిలింనగరును చూచి వచ్చితిరి. వెండితెరపై కనిపించు మేడలు ప్లైవుడ్ పలకలతో నిలిచియుండుట చూచి కొందరు ఆశ్చర్యపడితిరి, కొందరు నవ్వుకొంటిరి. ఒకనాడు ఆ ప్రాంతము రాళ్ళగుట్టలు, ముండ్లపొదలు నిండిన చోటు. మదరాసులో వేళ్ళూనిన తెలుగు చిత్రపరిశ్రమ క్రమక్రమముగా హైదరాబాదునకు తరలివచ్చినది. కీర్తిశేషులు అక్కినేని నాగేశ్వరరావుగారు 1976లో అన్నపూర్ణ స్టూడియోను నెలకొల్పిరి. తరువాత మరికొన్ని స్టూడియోలు వెలసినవి. వాటిని నమ్ముకొని వేలాది కార్మికులు కృష్ణానగరు మొదలగు చుట్టుపట్ల పేటలలో కాపురము పెట్టిరి.

నిన్న మధ్యాహ్నము రెండు గంటలు దాటిన పిమ్మట ఒక లైట్‌మన్ భోజనపు పళ్ళెము చేతబట్టుకొని, ముందుగా చొక్కా జేబులోనుండి ఒక మాత్ర తీసి మ్రింగినాడు. మీలో ఒక సర్పంచి సోదరి అది చూచి, "ఆ బిళ్ళ దేనికి నాయనా?" అని అడిగినారు. "గ్యాసుకమ్మా. ఆరేళ్ళ నుంచి వేసుకుంటున్నా. ఇక్కడ అందరికీ ఉండేదే" అని అతడు బదులు చెప్పినాడు. తిరిగి వచ్చునపుడు బస్సులో ఆమె నాతో, "మా ఊళ్ళో కూడా మగవాళ్ళ జేబుల్లో, ఆడవాళ్ళ కొంగుముడుల్లో ఈ బిళ్ళలేనండీ" అనిరి. ఆ మాట రాత్రియంతయు నా మనస్సులో మెదలినది. అందుచేత నేడు నేను చెప్పదలచిన విషయమును మార్చుకొని, ఈ బాధను గూర్చియే నాలుగు మాటలు మనవి చేయుదును.

మన కడుపులో ఆహారమును అరిగించుటకు ఆమ్లము ఊరుచుండును. అది శత్రువు కాదు, అవసరమైన వస్తువు. కడుపు లోపలి పొర ఆ ఆమ్లమునకు తట్టుకొనగలదు. గొంతునుండి కడుపునకు ఆహారమును కొనిపోవు అన్నవాహిక తట్టుకొనలేదు. ఈ రెంటి నడుమ ఒక కండరపు బిగింపు కలదు. మన చెరువు తూమునకు తలుపు ఎట్టిదో అది అట్టిది. మ్రింగినపుడు తెరచుకొని, వెంటనే మూసికొనవలెను. ఆ తలుపు వదులైనచో ఆమ్లము పైకి ఎగదన్నును. రొమ్ములో మంట, పుల్లని త్రేన్పులు, నోటిలో చేదునీరు, రాత్రివేళ దగ్గు మొదలగునవి దాని లక్షణములు. ప్రజలు దీనిని గ్యాసు అనియు, ఎసిడిటీ అనియు పిలుచుచున్నారు.

తలుపు ఏల వదులగును? కడుపు నిండ మెక్కి వెంటనే పరుండుట, నడుము చుట్టు క్రొవ్వు పేరుకొనుట, పొగాకు, సారాయి ముఖ్యకారణములు. గర్భిణీ స్త్రీలకు కడుపుపై ఒత్తిడివలన ఈ బాధ కలుగుచుండును. షూటింగు కార్మికుడు తెల్లవారక ముందే లేచి, టీలతో ప్రొద్దు గడిపి, అర్ధరాత్రి కడుపునిండ తిని ఒరుగును. వరికోతల కాలములో మన రైతు చేయునదియు ఇదియే. అన్నము తిన్న మరుక్షణమే నడుము వంచి నాటువేయు కూలి స్త్రీకి ఆమ్లము గొంతులోనికి వచ్చుటలో వింత లేదు. నగరమైనను, పల్లెయైనను ఒడలి ధర్మము ఒక్కటే.

ఇక నా సంగతి. ప్రచారశాఖ ఉద్యోగమున ఊరూర తిరిగి, సభలు ముగిసిన పిదప రాత్రి పదకొండు గంటలకు భోజనము చేసి పరుండుట నాకు అలవాటు. నలుబదియవ ఏట మంట ఆరంభమైనది. వైద్యుని అడుగక మూడు సంవత్సరములు దుకాణములో కొన్న మాత్రలతో నెట్టుకొంటిని. మంట వచ్చిన దినమున ఒకటి, రాని దినమున లేదు. చివరకు అన్నము మ్రింగునపుడు రొమ్ములో అడ్డుపడినట్లుండగా భయపడి వైద్యుని కడకు పోతిని. గొంతుగుండ సన్నని గొట్టమును పంపి చూచు ఎండోస్కోపీ పరీక్షలో అన్నవాహిక పుండువడి యున్నట్లు తేలినది. నేను చదువుకొన్నవాడను, ప్రజలకు ఆరోగ్య విషయములు చెప్పువాడను. అట్టి నేనే ఇట్లు చేసితినని చెప్పుకొనుటకు సిగ్గుపడుచునే చెప్పుచున్నాను.

మందు విషయము కొంత తెలిసికొందము. ఆమ్లము ఊరుటనే తగ్గించు ఒమిప్రజోల్ 1988లో మొదటిసారి విపణిలోనికి వచ్చినది. పాంటోప్రజోల్ ఆ కుటుంబములోనిదే. ఇవి మంట పుట్టిన పిమ్మట చల్లార్చు నీళ్ళు కావు. ముందుగానే ఊటను కట్టివేయు కట్టలు. కనుక ప్రొద్దుటి ఆహారమునకు అరగంట ముందు, పరగడుపున, వైద్యుడు చెప్పినన్ని దినములు తప్పక వేసికొనవలెను. సాధారణముగా నాలుగునుండి ఎనిమిది వారములు వాడి, పిదప వైద్యుడు మోతాదును తగ్గించుటయో, మాన్పించుటయో చేయును. దీర్ఘకాలము వాడి ఒక్కసారి మానివేసినచో కొన్నాళ్ళు ఆమ్లము మునుపటికంటె ఎక్కువగా ఊరును. అది చూచి "ఇక జన్మాంతము మాత్రయే గతి" యని నిరాశపడరాదు. మెల్లగా తగ్గించుకొనవచ్చును.

కొందరు ఏండ్ల తరబడి వాడవలసి వచ్చును. అన్నవాహికలో తీవ్రమైన పుండ్లు ఉన్నవారును, కడుపులో రక్తస్రావమగు ప్రమాదము ఉండి ఆస్పిరిన్ వంటి మందు విడువరానివారును అట్టివారు. వారు ఎవరో చెప్పిన మాట విని మానరాదు. దీర్ఘకాలము వాడువారిలో కొందరికి బి12 విటమినుయు, మెగ్నీషియమును తగ్గవచ్చును. కావున సంవత్సరమునకు ఒకసారియైన వైద్యునికి చూపుకొని, "ఈ మాత్ర నాకింకను అవసరమా?" అని అడుగవలెను. ఒకప్పుడు ఇంటింట వాడిన రానిటిడిన్ మాత్ర 2022లో జాతీయ ఆవశ్యక ఔషధముల పట్టికనుండి తొలగింపబడినది. పాత అలవాటుచొప్పున మందు కొనరాదనుటకు ఇది నిదర్శనము.

మందు సగము, నడవడి సగము. రాత్రి భోజనమునకును నిద్రకును మూడు గంటల ఎడము ఉండవలెను. మంచము తలవైపు కోళ్ళ క్రింద ఆరంగుళముల ఎత్తు ఇటుకలు పెట్టవలెను. తలగడలు పేర్చుటవలన మెడ వంగునేగాని మేలు కలుగదు. ఎడమప్రక్కకు తిరిగి పరుండుట మంచిది. బొజ్జ ఉన్నవారు బరువు తగ్గవలెను. పొగాకు, సారాయి మానవలెను. ఆవకాయ అందరికి విషము కాదు. ఎవరికి ఏది పడదో వారు కనిపెట్టి దానిని తగ్గించుకొనవలెను. నేను సాయంత్రము ఏడు గంటలకే భుజించుట నేర్చి, ఆరు కిలోల బరువు తగ్గితిని. మాత్రను పూర్తిగా మానలేదు. వైద్యుని సలహాపై సగము మోతాదు వాడుచున్నాను.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన మాట. రొమ్ములో కలుగు ప్రతి మంటయు గ్యాసు కాదు. నేనెరిగిన ఒక గ్రామమున యాబది ఏండ్ల రైతు ఒకనాటి రాత్రి రొమ్ము నొప్పి యని సోడా త్రాగి, మాత్ర మ్రింగి, "తెల్లవారిన తగ్గునులే" యని పరుండెను. తెల్లవారునప్పటికి అతడు లేడు. అది గుండెపోటు. నొప్పి బరువుగా నొక్కినట్లుండి, ఎడమచేతికిగాని దవడకుగాని ప్రాకినను, చెమటలు పట్టినను, ఆయాసము కలిగినను ఒక్క నిమిషము ఆలస్యము చేయక 108కు ఫోను చేయవలెను. మధుమేహము ఉన్నవారికి, స్త్రీలకు ఈ గుర్తులు స్పష్టముగా కనబడకపోవచ్చును. గ్యాసేయని తేలినచో నవ్వుకొందము. గుండెయని ఆలస్యముగా తెలిసినచో ఏడ్చియు లాభము లేదు. అట్లే మ్రింగుట కష్టమైనను, కారణము లేక బరువు తగ్గినను, రక్తము వాంతియైనను, మలము తారువలె నల్లనైనను వెంటనే వైద్యుని చూడవలెను.

పంచాయతీ సభ్యులకు ఇందులో పనియేమి యని అడుగవచ్చును. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ చేర్చిన పదునొకండవ షెడ్యూలులో ఇరువదిమూడవ అంశము ఆరోగ్యము, పారిశుధ్యము. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములును దానిలో చేరియున్నవి. కావున మీరు చేయదగిన పనులు నాలుగు కలవు. మీ ఆరోగ్య కేంద్రములో ఈ మందు నిలువ ఉన్నదో లేదో విచారింపుడు. పంచాయతీ కార్యాలయపు గోడపై గుండెపోటు గుర్తులను, 108 సంఖ్యను పెద్ద అక్షరములతో వ్రాయింపుడు. ఒళ్ళునొప్పుల మాత్రలు కడుపును పుండుచేయుననియు, వాటిని నెలల తరబడి గ్యాసు మాత్రతో కలిపి ఇచ్చుట తగదనియు మీ ఊరి వైద్యసహాయకులకు, మందుల దుకాణదారులకు నచ్చచెప్పుడు. గ్రామసభలో పది నిమిషములు ఈ విషయమునకు కేటాయింపుడు.

నిన్నటి లైట్‌మన్ తన జేబులోని మాత్రను ఎవరికిని దాచలేదు; కాని ఆరేండ్లలో ఒక్క వైద్యునికైన చూపినాడో లేదో నేను అడుగలేకపోతిని. ఆ ప్రశ్నను మీరు మీ ఊరిలో అడుగుడు. మంట ఉన్నవారు వైద్యుని చూడవలెను, మందు తెలిసి వాడవలెను, ప్రొద్దు గూకగానే భుజింపవలెను. మూడును ఖర్చు తక్కువ పనులు. వాటితో ఒక్క ప్రాణము నిలిచినను మన శ్రమ ఫలించినట్లే.