బెత్తము విడిచిన చేయి
(కోవూరులో శతవార్షికోత్సవ కూటముల సందర్భమున ఉపాధ్యాయుల పక్షమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ దినమున మాకు ఇచ్చిన అంశము "పాఠశాలలో క్రమశిక్షణ". ఇందాక లోనికి వస్తూ ఉండగా మన పెద్దాయన ఒకరు మమ్ములను ఆపి, "అయ్యవారూ, మా కాలంలో బెత్తమూ ఉండె, చదువూ ఉండె. ఇప్పుడు రెండూ లేకపాయె. ఆ ముక్క గట్టిగా చెప్పండి" అన్నారు. ఆయన మాటను తోసిపుచ్చలేము. ఇక్కడ కూర్చున్నవారిలో సగముమంది మనస్సులో ఉన్న మాట అదే. ఒకప్పుడు మా మనస్సులోనూ అదే ఉండినది. కనుక అక్కడనుండే మొదలు పెడుదుము.

మేము 1984లో ఉపాధ్యాయులుగా చేరి, 2019లో పదవీ విరమణ చేసినాము. ముప్పది అయిదు సంవత్సరములు. అందులో మొదటి సగము బెత్తముతోను, రెండవ సగము బెత్తము లేకుండను గడిచినది. రెండు విధముల అనుభవమూ ఉన్నది కాబట్టి మాట్లాడుటకు కొంత హక్కు ఉన్నదని అనుకొంటున్నాము.

మా తాతల నాటి వీధిబడి శిక్షలు మీరు వినే ఉంటారు. కోదండము వేసేవారు, అనగా పిల్లవానిని దూలమునకు కట్టిన తాడు పట్టుకొని వ్రేలాడమనేవారు. గోడకుర్చీ వేయించేవారు. తొడపాశము పెట్టేవారు. మా చిన్నతనమునకు కోదండము పోయినది గాని చింతబరికె మిగిలినది. బడిలో చేర్చేటప్పుడు తండ్రులు, "అయ్యవారూ, కళ్ళు రెండూ మాకు వదిలిపెట్టి తక్కినదంతా మీ ఇష్టం" అని అప్పగించేవారు. అది క్రూరత్వము కాదు, నమ్మకము. అక్షరము తెలియని తండ్రి తన బిడ్డకు చదువు రావాలనే ఆశతో చెప్పిన మాట అది. ఆ నమ్మకమును మేము సరిగా వాడుకొన్నామా అనునదే ప్రశ్న.

పూర్వ విద్యార్థుల సమావేశములకు మమ్ములను పిలుస్తూ ఉంటారు. ఉద్యోగములలో స్థిరపడినవారు వచ్చి, శాలువా కప్పి, "సార్, ఆనాడు మీరు కొట్టిన దెబ్బలే మమ్ములను మనుషులను చేసినవి" అంటారు. చాలాకాలము ఆ మాటకు మేము సంతోషించినాము. కాని ఒకసారి ఆ సభలో కూర్చొని పాత హాజరుపట్టీ గుర్తు చేసుకొన్నాము. ఆ తరగతిలో అరువదిమంది ఉండిరి. సభకు వచ్చినవారు ఇరువదిమంది లేరు. తక్కినవారిలో కొందరు దూరప్రాంతములలో ఉండవచ్చును. కాని కొందరు ఆ దెబ్బలకే బడి మానినవారు. వారు శాలువా తీసుకొని రారు. వారి సాక్ష్యము ఏ సభలోను వినపడదు. దెబ్బలు తట్టుకొని నిలిచినవారు చెప్పిన మాట మీదనే మనము బెత్తమునకు తీర్పు చెప్పుచున్నాము.

అట్లు వెళ్ళిపోయిన ఒకని సంగతి చెప్పవలసి ఉన్నది. ఇది మా తప్పిదము.

1989వ సంవత్సరము. నవంబరు నెల, నాట్ల దినములు. ఆరవ తరగతి మాది. ఒక పిల్లవాడు వారము దినములుగా ప్రార్థన అయిపోయిన తరువాత వస్తున్నాడు. మొదటి దినము మందలించినాము. రెండవ దినము నిలువబెట్టినాము. అయిదవ దినము చేయి చాపమని నాలుగు దెబ్బలు కొట్టినాము. వాడు ఏడువలేదు. చేయి చంకలో పెట్టుకొని వెళ్ళి తన చోట కూర్చున్నాడు. మరునాటినుండి రాలేదు.

పది దినములు చూచి ఒక సాయంత్రము వాని ఇంటికి వెళ్ళినాము. కాలువ గట్టు మీద ఇల్లు. తల్లి నాట్లకు వెళ్ళి అప్పుడే వచ్చి కాళ్ళు కడుగుకొంటున్నది. ఆమె చెప్పగా తెలిసినది: తెల్లవారకముందే ఆమె కూలికి పోవును. తండ్రి ఊరిలో లేడు. వాడు చెల్లెలికి సద్దికూడు తినిపించి, అవ్వ ఇంటిలో దించి, అక్కడనుండి బడికి నడచి రావలెను. మేము కొట్టినామని ఆమెకు కోపము లేదు. ఆమె అన్నది ఇంతే: "వాడు ఏమన్నాడంటే అయ్యవారూ, 'రేపు కూడా ఆలీసెమే అవుద్ది గదమ్మా, రేపు కూడా కొడతారు గదా' అన్నాడు. దానికి నేనేం చెప్పేది?"

అప్పటికే వానిని ఒక రైతు ఇంట బర్రెలు కాయుటకు కుదిర్చినారు. మేము ఎంత చెప్పినా తిరిగి రాలేదు.

ఆ అయిదు దినములలో "ఎందుకు ఆలస్యమైనది?" అని మేము ఒక్కసారి అడిగి ఉండవలసినది. అడుగుటకు అర నిమిషము చాలును. కొట్టుటకు కూడా అంతే సమయము పట్టినది. మేము రెండవదానిని ఎంచుకొన్నాము.

ఇది మన సంఘమునకు మరింత నొప్పి కలిగించవలసిన సంగతి. 1840లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ సామ్యూల్ డే దొరగారు నెల్లూరు చేరినది మొదలు, ఆ తరువాత వచ్చిన ఇతర మిషనులతో సహా, ఈ జిల్లాలో బడులు పెట్టినవారు ఊరి బడి గడప తొక్కనియ్యని పిల్లలను పిలిచి పలకల ముందు కూర్చుండబెట్టినారు. మనలో అనేకుల తాతలకు చదువు అట్లు అబ్బినది. అంత కష్టపడి తెరచిన తలుపును ఒక బెత్తముతో తిరిగి మూయుట మనకు తగునా?

ఇక చట్టము సంగతి. 1966 నాటి మన రాష్ట్ర విద్యా నియమావళిలోని 122వ నియమమును 2002 ఫిబ్రవరిలో జి.ఓ. నెం. 16 ద్వారా సవరించి, బడులలో దేహదండనను నిషేధించినారు. తరువాత 2009లో పార్లమెంటు చేసిన ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చినది. అందులోని 17వ సెక్షను ప్రకారము పిల్లవానిని కొట్టుటయే కాదు, మానసికముగా వేధించుట కూడా నిషిద్ధము, దానికి శాఖాపరమైన చర్య ఉన్నది. ఇది మన దేశమున మాత్రమే వచ్చిన వింత కాదు. స్వీడను దేశము 1979లోనే ఇంటిలో తల్లిదండ్రులు కొట్టుటను కూడా నిషేధించినది. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికను మన దేశము 1992లో అంగీకరించినది.

అయినను చట్టము వ్రాసినంత మాత్రమున బెత్తము విరిగిపోలేదు. కేంద్ర ప్రభుత్వ స్త్రీ శిశు అభివృద్ధి శాఖ 2007లో ప్రకటించిన అధ్యయనము మన రాష్ట్రముతో కలిపి 13 రాష్ట్రములలో జరిగినది. బడికి పోవు పిల్లలలో నూటికి 65 మంది దెబ్బలు తిన్నామని అందులో చెప్పినారు. అనగా ప్రతి ముగ్గురిలో ఇద్దరు. మన రాష్ట్రములో నిషేధము వచ్చి అప్పటికి అయిదేండ్లు.

"వాక్యములో బెత్తము ఉన్నది గదా" అని కొందరు విశ్వాసులు మమ్ములను అడుగుతారు. ఉన్నది. సామెతల గ్రంథము పదమూడవ అధ్యాయము అందరికీ కంఠస్థమే. అయితే ఇరువదిమూడవ కీర్తనలో కూడా ఒక కర్ర ఉన్నది. అది ఆదరణ ఇచ్చు కర్ర. మన నెల్లూరు గొర్రెల కాపరిని చూడండి. పొడుగాటి కర్ర భుజము మీద వేసుకొని మంద వెంట నడుస్తాడు. ఆ కర్రతో కొమ్మ వంచి ఆకు అందిస్తాడు, కుక్క వస్తే అదిలిస్తాడు, దారి తప్పిన దానిని మళ్ళిస్తాడు. దినమంతా గొర్రెలను బాదే కాపరి వెనుక మంద నిలుచునా? అపొస్తలుడైన పౌలు ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక ఆరవ అధ్యాయములో, పిల్లలకు కోపము రేపవద్దని తండ్రులకే హెచ్చరిక చేసినాడు. ఆ మాటను మనము ఎందుకో అంతగా కంఠస్థము చేయలేదు.

మన భాషలోనే ఒక పాఠమున్నది. శిక్ష, శిక్షణ ఈ రెండు మాటలు ఒకే ధాతువునుండి పుట్టినవి. దాని అర్థము నేర్చుకొనుట. హిందీలో నేటికీ శిక్షా అంటే చదువే. తెలుగులో మాత్రము శిక్ష అంటే దండనగా మిగిలినది. మాట మారినట్లే మన బడి కూడా మారినది. "మొక్కై వంగనిది మానై వంగునా" అని మనమే చెబుతాము. కాని తోటమాలి మొక్కను వంచుటకు దానిని కొట్టడు. పక్కన పుల్ల నాటి, మెత్తని నారతో కట్టి, దినమూ వచ్చి చూస్తాడు.

ఇంతవరకు ఉపాధ్యాయుల తప్పు చెప్పినాము. వారి పక్షమున కూడా ఒక మాట చెప్పకపోతే అన్యాయమగును. అరువదిమంది పిల్లలు, ఒకే గది, ఒకే పంతులు, కొన్నిచోట్ల రెండు మూడు తరగతులు కలిపి. ఆ గదిలో బెత్తము తీసుకొనువాడు చాలాసార్లు కోపముతో తీసుకొనడు, భయముతో తీసుకొంటాడు. గది చేయి దాటిపోవునన్న భయము. విద్యాహక్కు చట్టము ప్రాథమిక తరగతులలో ముప్పదిమందికి ఒక ఉపాధ్యాయుడు ఉండవలెనని చెప్పినది. బెత్తము వద్దన్న చట్టమే ఈ మాటా చెప్పినది. మొదటిది మాత్రమే అడిగి రెండవది అడుగకపోవుట న్యాయము కాదు. మా చేతిలోనుండి బెత్తము తీసినారు గాని, ఆ ఖాళీ చేతిలో ఏమి పెట్టవలెనో ఎవరును చెప్పలేదు. కొంతకాలము మేము కూడా, "మాకేమి, చదివితే చదువుతాడు, లేకపోతే లేదు" అని ఊరకున్నాము. అది బెత్తముకంటె చెడ్డది. కొట్టే పంతులుకు కనీసము పిల్లవాడు కనబడతాడు. ఊరకున్న పంతులుకు వాడు కనబడనే కనబడడు.

మెల్లమెల్లగా కొన్ని నేర్చుకొన్నాము. ఆలస్యముగా వచ్చినవానిని మొదట కూర్చోమనుట, పాఠము అయిన తరువాత ఒంటరిగా కారణము అడుగుట. కోపము వచ్చినప్పుడు కుండ దగ్గరకు వెళ్ళి గ్లాసెడు నీళ్ళు త్రాగి వచ్చుట. తప్పునకు తగిన దిద్దుబాటు చూపుట: గోడ మీద గీసినవాడు గోడ తుడువవలెను, పుస్తకము చింపినవాడు దానికి అట్ట వేయవలెను. తరగతి నియమములు పిల్లల చేతనే చెప్పించి వ్రాయించుట. తాము పెట్టుకొన్న నియమమును పిల్లలు మనకంటె గట్టిగా కాపాడుతారు. అందరికంటె అల్లరివానికి గంట కొట్టే పని అప్పగించినాము. వాడు ఆ ఏడాది ఒక్క దినము ఆలస్యము కాలేదు. ఇవి మేము కనిపెట్టినవి కావు. గుజరాతులో గిజుభాయి బధేకాగారు 1932లో వ్రాసిన "దివాస్వప్న" అను పుస్తకము చదివినవారికి ఇవన్నీ తెలిసినవే. మన చలముగారు కూడా "బిడ్డల శిక్షణ" వ్రాసినారు. ఆయన ఇతర వ్రాతలు మీకు రుచించినా, రుచించకపోయినా, పాఠశాలల తనిఖీ అధికారిగా బడులు తిరిగి చూచిన మనిషి ఆయన.

అన్నిటికంటె కష్టమైనది నాలుకను అదుపు చేసుకొనుట. బెత్తము మాన్పించిన తరువాత అనేకమందిమి నాలుకతో కొట్టుట మొదలు పెట్టినాము. మొద్దు, దున్నపోతు, "మీ ఇంటావంటా చదువు ఉన్నదా" అనుట. వీపు మీద వాత నాలుగు దినములకు మానును. నలుగురిలో పడిన ఆ మాట మానదు. ర్యాంకుల కొరకు పిల్లలను తెల్లవారుజామునుండి అర్ధరాత్రి వరకు కూర్చుండబెట్టి, మార్కులు తగ్గినవానిని తరగతి ఎదుట నిలువబెట్టి అవమానించు బడులు కూడా ఉన్నవి. అక్కడ బెత్తము కనబడదు, అంతే.

ఇప్పుడు మీకు మూడు మనవులు.

తండ్రులారా, తల్లులారా, మాతో "నాలుగు తగిలించండి సార్" అనుట మానండి. దానికి బదులు, "మా ఇంటిలో ఈ కష్టము ఉన్నది" అని ఒక మాట చెప్పిపోండి. అది మాకు వంద బెత్తములకంటె ఎక్కువ ఉపయోగము.

తోటి ఉపాధ్యాయులారా, వరుసగా మూడు దినములు రాని పిల్లవాని ఇంటికి వెళ్ళండి. మేము పది దినములు ఆగి వెళ్ళినాము. ఆ ఏడు దినములలోనే వాడు చేయి దాటిపోయినాడు.

సంఘ పెద్దలారా, నాట్ల దినములలోను, కోతల దినములలోను ఆలయ వరండాలో ఒక దీపము, ఒక చాప, ఒక చదువుకొన్న యువకుడు ఉండేటట్లు చూడండి. ఉదయము వేళ కూలికి పోవు తల్లుల చిన్నబిడ్డలను చూచుకొనుటకు మన స్త్రీల సమాజమువారు వంతులు వేసుకొనగలరు. అట్టి ఏర్పాటు 1989లో ఆ కాలువ గట్టున ఉండి ఉంటే, ఆ పిల్లవాడు ప్రార్థన గంటకు బడిలో ఉండేవాడు.

వాని కథకు మిగిలిన భాగము చెప్పి ముగిస్తాము. 2011లో ఒకాయన కూతురిని బడిలో చేర్చుటకు వచ్చినాడు. పేరు చూచి గుర్తు పట్టినాము. వాడే. ట్రాక్టరు తోలుకొంటున్నాడు. మమ్ములను చూచి చేతులు జోడించినాడు. మాకు మాట రాలేదు. "ఆ దినము మేము తప్పు చేసినాము నాయనా" అన్నాము. వాడు సిగ్గుపడి నవ్వి, "ఎప్పటిదో సార్, పోనీండి" అన్నాడు. కూతురి దరఖాస్తు మీద ఒక్కొక్క అక్షరము కూడబలుక్కొని సంతకము చేసినాడు. గుమ్మము వరకు పోయి వెనుకకు వచ్చి, "సార్, పాప ఎప్పుడన్నా ఆలీసెంగా వస్తే నాకు ఫోన్ చేయండి. నేనే వచ్చి చెప్పుకొంటాను" అన్నాడు.

ఆ ఆరవ తరగతి పిల్లవానికి ఆనాడు అట్లు వచ్చి చెప్పుకొను పెద్ద దిక్కు లేకపోయినది. అడుగవలసిన మేము అడుగలేదు. ఇకమీదట మన బడులలో ఆ అడుగు మాట బెత్తముకంటె ముందు వచ్చునట్లు దేవుడు మనకు సహాయము చేయును గాక.