చిప్పు వేడెక్కితే

డిసెంబరు, జనవరి వచ్చాయంటే మన ఇళ్ళల్లో ఒక ఫిర్యాదు మామూలే. మధ్యాహ్నం మనమిక్కడ ఎండలో మాడుతూ, అక్కడ పొద్దున్న కాఫీల వేళకి అమ్మావాళ్ళకి వీడియో కాల్ చేస్తాం. రెండు మాటలయ్యేసరికి బొమ్మ బిగుసుకుపోతుంది. రాత్రి చల్లబడ్డాక అంతా సరిగ్గానే ఉంటుంది. అలా జరుగుతూంటే కంపెనీవాళ్ళకి ఫోన్ చేసేముందు ఒకసారి రౌటరు మీద చెయ్యిపెట్టి చూడండి.

లోపలి చిప్పు ఎప్పుడూ గది కంటే కొంత వేడిగానే ఉంటుంది. గది 25 డిగ్రీలు, చిప్పు 70 అనుకోండి. తేడా 45. సిడ్నీ పక్కనున్న పెన్రిత్‌లో 2020 జనవరి 4న 48.9 డిగ్రీలు నమోదైంది. అలాంటి రోజున ఏసీ లేని గది 40కి చేరితే, అదే తేడాతో చిప్పు 85కి పోతుంది. రాస్ప్‌బెర్రీ పై లాంటి బుల్లి కంప్యూటరైతే 80 దాటగానే తన వేగం తానే తగ్గించుకుంటుంది. కొన్ని పెట్టెలకి ఆ తెలివి లేదు, ఆగిపోతాయంతే. గదిని మనం మార్చలేం కానీ, ఆ తేడాని తగ్గించగలం. హీట్‌సింకు చేసే పని అదే.

మన తాతలు పొగలు కక్కే టీని సాసర్లో పోసుకుని తాగేవారు కదా, ఇదీ ఆ సూత్రమే. గాలి తగిలే జాగా పెరగాలి. చిప్పు మీద పది సెంట్ల బిళ్ళ అంటించేవాళ్ళున్నారు. అందులో 75 శాతం రాగే అయినా, మిగతా 25 శాతం నికెల్ కలవడంతో వేడిని పంపే గుణం రాగిలో పదో వంతుకి పడిపోతుంది. పైగా బల్లపరుపు బిళ్ళ. కాసేపు వేడిని దాచుకుంటుంది, అంతే.

పాడైపోయిన కంప్యూటరు బోర్డు మీద రెక్కల అల్యూమినియం దిమ్మ ఉంటుంది, అది బంగారం. హాక్సా బ్లేడుతో చిప్పు సైజుకి కోసి, అంచులు ఆకురాయితో అరగదీసి, రజను పోయేలా కడిగి బాగా ఆరబెట్టండి. రజను ఒక్క నలుసు బోర్డు మీద పడ్డా షార్టవుతుంది. దిమ్మ కూడా పక్క భాగాలకి తగలకూడదు. అంటించడానికి వేడిని పంపే టేపే వాడాలి. మామూలు రెండువైపుల టేపు వేడికి అడ్డుగోడ. టూత్‌పేస్టు చిట్కా చెబుతారు కొందరు; తడి ఉన్నన్నాళ్ళు పనిచేస్తుంది, ఎండాక పెచ్చులూడుతుంది. రెక్కలు నిలువుగా ఉంటే వేడిగాలి పైకి పోవడానికి దారి దొరుకుతుంది.

బయట అడాప్టరుతో నడిచే సొంత పెట్టెలకే ఈ పని. గోడ కరెంటు నేరుగా లోపలికెళ్ళేవి, కంపెనీ అద్దెకిచ్చినవి విప్పకండి. విప్పేముందు ప్లగ్గు తీయడం మరవద్దు. నన్నడిగితే, అసలు స్క్రూడ్రైవరు పట్టుకునేముందే ఆ రౌటర్ని టీవీ వెనకనుంచి లాగి, మీదున్న పుస్తకాలు తీసి, గాలాడేచోట నిలబెట్టి ఒక మధ్యాహ్నం చూడండి. చాలా ఇళ్ళల్లో అక్కడితోనే సరిపోతుంది.

ఉంటాను మరి, సెలవు.