అమరికల చిరునామా

రేడియోపెట్టెకు మరలు ముఖముననే ఉండును. స్వరము హెచ్చింపవలెనన్నను, స్టేషను మార్చవలెనన్నను చేయి చాచినచోటనే అవి చిక్కును. కంప్యూటరులో పనిచేయు ప్రోగ్రాములన్నియు ఇట్టివి కావు. తెరమీద బొత్తాములతో కనబడునవి కొన్ని. ఏ ముఖమును లేక తెరవెనుక రేయింబవళ్లు పనిచేయుచుండునవి మరికొన్ని. ఈ రెండవ తెగకు మరలు లేవా యనినచో, ఉన్నవి. అవి అక్షరరూపమున ఒక ఫైలులో వ్రాయబడి యుండును. దానినే అమరికల ఫైలనియు, ఇంగ్లీషున కాన్ఫిగరేషన్ ఫైలనియు అందురు. దానిలో ఒక పంక్తి మార్చినచో ప్రోగ్రాము నడక మారును. చిక్కెల్ల ఆ ఫైలు ఎక్కడ నున్నదో తెలియుటలోనే కలదు.

ఈ ప్రసంగమునకు లినక్స్ వ్యవస్థలలో డెబియన్ కుటుంబమును తీసికొందము. 1993లో ఇయాన్ మర్డాక్ ఆరంభించిన డెబియన్ ఆధారముననే 2004లో ఉబుంటు వెలువడినది. మన దేశమున సీ-డాక్ సంస్థ భారతీయభాషల సౌకర్యముతో రూపొందించిన బాస్ లినక్స్ కూడ ఈ వంశములోనిదే. కావున మేము చెప్పబోవు విషయము బడిలోని కంప్యూటరు గదికిని, ఇంటిలోని విద్యార్థి యంత్రమునకును సమానముగ వర్తించును. కావలసిన పనిముట్టు ఒక్కటే: టెర్మినల్ అను నల్లని కిటికీ. అందులో ఒక ఆజ్ఞను టైపు చేసి ఎంటర్ మీట నొక్కినచో యంత్రము బదులు చెప్పును.

అమరికల ఫైలు కొరకు పలువురు మొదట చేయు పని డిస్కు నంతటిని గాలించుట. ప్రోగ్రాము పేరు గల ఫైళ్లన్నిటిని చూపుమని అడిగినచో యంత్రము పుంఖానుపుంఖముగ పేర్లు కుమ్మరించును. వానిలో కొన్ని తాత్కాలికపు ఫైళ్లు, కొన్ని సహాయపత్రములు, కొన్ని కేవలము మాదిరి కొరకు ఉంచిన ప్రతులు. మాదిరి ప్రతినే అసలనుకొని గంటలకొలది దిద్దువారు కలరు. ప్రోగ్రాము దానిని చదువనే చదువదు. కాబట్టి ఎంత దిద్దినను ఫలితము శూన్యము.

గ్రామమున ఏ పొలము ఎవరిదో తెలియుటకు పొలములన్నియు తిరుగనక్కరలేదు. అడంగలు చూచిన చాలును. కంప్యూటరులోను అట్టి పుస్తకము కలదు. ప్యాకేజీని స్థాపించునప్పుడే, అది తెచ్చిన ప్రతి ఫైలును ఏ చోట నుంచినదో వ్యవస్థ తన లెక్కలో వ్రాసికొనును. డెబియన్ కుటుంబమున ఈ లెక్కను చూచు గుమాస్తా పేరు డీపీకేజీ. వెదకుటకు ముందు ఈ గుమాస్తాను అడుగుట యుక్తము.

ఉదాహరణమునకు ఓపెన్ఎస్ఎస్‌హెచ్ సర్వర్ అను ప్యాకేజీని తీసికొందము. దూరముననున్న యంత్రములోనికి భద్రముగ ప్రవేశించుటకు తలుపువంటి ప్రోగ్రామిది. మొదట డి, పి, కె, జి అను నాలుగు చిన్న అక్షరములు, ఒక ఖాళీ, అడ్డగీత, దానిని ఆనుకొని పెద్ద ఎల్, మరల ఒక ఖాళీ, పిదప ప్యాకేజీ పేరు. ఎల్ అనునది లిస్ట్, అనగా జాబితా, అను మాటకు తొలి అక్షరము. ఈ ఆజ్ఞకు ఆ ప్యాకేజీ తెచ్చిన ఫైళ్లును, అవి యున్న డైరెక్టరీలును వరుసగ కనబడును. వానిలో ఈటీసీ అను డైరెక్టరీతో ఆరంభమగు పంక్తులను ఏరుకొనవలెను. ఈటీసీ యనగా ఇత్యాది. బెల్ ప్రయోగశాలలో పుట్టిన యూనిక్స్ కాలమునుండి వచ్చుచున్న పేరిది. పేరు ఇత్యాదియే యైనను, నేడు దాని హోదా గొప్పది. అమరికల ఫైళ్లు ఈ డైరెక్టరీలోనే ఉండవలెనని డెబియన్ నియమావళి శాసించుచున్నది.

పెద్ద ఎల్‌కు బదులు చిన్న ఎస్ పెట్టి అడిగినచో మరియొక విశేషము తెలియును. ప్యాకేజీ వివరములతో పాటు కాన్ఫైల్స్ అను శీర్షిక క్రింద అమరికల ఫైళ్లు మాత్రమే విడిగా చూపబడును. ప్రతి పేరుకు ఎదురుగ ముప్పదిరెండు అక్షరముల, అంకెల వరుస యుండును. అది ఆ ఫైలు వచ్చిననాటి వ్రేలిముద్ర. ఫైలులో ఒక్క చుక్క మారినను ముద్ర మారును. ఇక పెద్ద ఎస్ పెట్టి ఒక ఫైలు పూర్తి చిరునామా నిచ్చినచో, ఆ ఫైలు ఏ ప్యాకేజీదో గుమాస్తా చెప్పును. పెద్ద అక్షరమునకును చిన్న అక్షరమునకును ఇంతటి భేద మున్నదని గమనింపవలెను.

ఆ వ్రేలిముద్ర అలంకారము కొరకు కాదు. కొంతకాలమునకు ప్యాకేజీకి క్రొత్త ప్రతి వచ్చును. మీరు అమరికల ఫైలును ముట్టుకొననిచో క్రొత్తది నిశ్శబ్దముగ పాతదాని చోటికి వచ్చును. మీరు మార్చియుండి, తయారీదారులు మార్చనిచో మీదే నిలుచును. ఇరువురును మార్చినచో గుమాస్తా ఆగి మిమ్ములను అడుగును. తొందరలో ఎంటర్ మాత్రమే నొక్కినను మీ ఫైలే నిలుచును. వచ్చినది డీపీకేజీ-డిస్ట్ అను తోకతో ప్రక్కనే యుంచబడును. ప్యాకేజీని తొలగించినను, పర్జ్ అని ప్రత్యేకముగ కోరిననే తప్ప ఈ ఫైళ్లు చెరిగిపోవు. వాడువాని నిర్ణయమును యంత్రము ఇంతగా గౌరవించుట ముచ్చటైన విషయము.

అయితే, అడంగలు వ్రాసిన పిమ్మట త్రవ్విన నుయ్యి ఆ పుటలో కనబడదు. మన ఉదాహరణమే ఇందుకు సాక్ష్యము. ఈ సర్వరు అమరికలలో ముఖ్యమైనది ఈటీసీలోని ఎస్ఎస్‌హెచ్ డైరెక్టరీలో నున్న ఎస్ఎస్‌హెచ్‌డీ అండర్‌స్కోర్ కాన్ఫిగ్ అను ఫైలు. అది ఎవరిదని డీపీకేజీని అడిగినచో తనకు తెలియదని చెప్పును! ఏలయన ఆ ఫైలు ప్యాకేజీ మూటలో రాలేదు. స్థాపించు సమయమున ఒక చిన్న ప్రోగ్రాము దానిని అక్కడికక్కడ సృష్టించినది. ఇట్టివానికి యూసీఎఫ్ అను వేరొక గుమాస్తా కలడు. యూసీఎఫ్‌క్యూ అని వ్రాసి ప్యాకేజీ పేరు చెప్పినచో ఆతని లెక్క బయటపడును. కాబట్టి మొదటి జాబితాలో లేదు గనుక ఫైలే లేదని తలపరాదు.

లెక్క పుస్తకము తరువాత రెండవ సాక్షి ప్రోగ్రాముతో వచ్చు కరదీపిక. మ్యాన్ అను మూడక్షరముల ఆజ్ఞ తరువాత పేరు వ్రాసినచో అది తెరచుకొనును. చివరి భాగమున ఫైల్స్ అను శీర్షిక క్రింద ఆ ప్రోగ్రాము చదువు ఫైళ్ల చిరునామాలు సాధారణముగ ఉండును. ఈ శీర్షికను చూడక పుటలు మూయువారు పెక్కుమంది.

మూడవ సాక్షి, అందరిలో నమ్మదగినది, ఆ ప్రోగ్రామే. ఇప్పుడు డెబియన్‌లో మనము చెప్పుకొనిన ముఖ్యఫైలు మొదటి పంక్తులలోనే, ప్రక్కనున్న మరియొక డైరెక్టరీలోని చిన్న ఫైళ్లను కూడ చదువుమను ఆదేశము కలదు. ఒకే విషయమును రెండుచోట్ల చెప్పినచో ఈ ప్రోగ్రాము మొదట చదివినదానినే పాటించును. కావున ముఖ్యఫైలులో మీరెంత దిద్దినను, చిన్న ఫైలులోని మాటయే చెల్లుచుండవచ్చును. అప్పుడు నిర్వాహకుని అధికారముతో, అనగా సూడో అను మాట ముందుంచి, ఎస్ఎస్‌హెచ్‌డీ, ఖాళీ, అడ్డగీత, పెద్ద టి అని ఆజ్ఞాపింపవలెను. ప్రోగ్రాము తాను పాటింపబోవు అమరికలను యావత్తును వరుసగ చదివి చూపును. ఫైలులో ఏమి వ్రాసితిమన్నది కాదు, ప్రోగ్రాము ఏమి గ్రహించినదన్నదే తుదకు లెక్కకు వచ్చును.

ఇవి యంత్రమున కంతటికిని చెందిన అమరికలు. ఒక్కొక్క వ్యక్తికి చెందినవి వారి సొంత డైరెక్టరీలో, చుక్కతో ఆరంభమగు పేర్లతో దాగియుండును. ఎల్ఎస్ అను ఆజ్ఞకు అడ్డగీత, చిన్న ఎ చేర్చిననే అవి కనబడును. వీనిని ఏ ప్యాకేజీ లెక్కయు ఎరుగదు. అవి మీవి గనుక. ఫెడోరా, రెడ్ హ్యాట్ వంటి మరియొక కుటుంబమున ఆర్‌పీఎం అను గుమాస్తా కలడు. ఆతనికి అడ్డగీత, చిన్న క్యూ, చిన్న సి అని చెప్పి ప్యాకేజీ పేరు చేర్చినచో అమరికల ఫైళ్లు మాత్రమే చూపును.

చిరునామా దొరకిన వెంటనే కలము పట్టరాదు. ముందుగా ఫైలుకు ఒక నకలు తీసి యుంచవలెను. దిద్దిన పిమ్మట, పైని చెప్పిన ఆజ్ఞలో పెద్ద టికి బదులు చిన్న టి పెట్టినచో ప్రోగ్రాము వ్రాతలోని తప్పులను చూపును. తప్పు లేనిచో మౌనము వహించును. ఆ మౌనము విన్న తరువాతనే సర్వరును మరల ఆరంభింపవలెను. దూరపు యంత్రమును దిద్దువారు అప్పటికి తెరచియున్న కిటికీని మూయక, రెండవ కిటికీనుండి ప్రవేశించి చూడవలెను. లోపలనుండి గడియ వేసి తాము వెలుపల చిక్కుకొనుట ఈ తలుపు విషయమున మిక్కిలి సులభము. ఆ యంత్రము వేరొక ఊరిలో నున్నచో ప్రయాణము తప్పదు.

ఈ శ్రమ యంతయు ఎందుకని శ్రోతలు ప్రశ్నింపవచ్చును. డిస్కు చెడినచో ప్రోగ్రామును ఒక్క ఆజ్ఞతో మరల తెచ్చుకొనవచ్చును. అది లోకమున కెల్లరకు లభ్యమే. కాని ఎవరిని లోనికి రానిచ్చుట, ఎవరిని ఆపుట, ఏ పని ఏ రీతిని జరుగుట అను మీ నిర్ణయములు ఆ కొద్దిపాటి ఫైళ్లలో దప్ప మరెచ్చటను లేవు. నేడు యంత్రమును చూచుకొను పిల్లవాడు రేపు చదువుకై ఊరు విడిచి వెళ్లవచ్చును. బడిలోని ఉపాధ్యాయునికి బదిలీ కావచ్చును. పిదప వచ్చువారు మొదట అడుగునది ఈ ఫైళ్ల చిరునామానే. కావున వాని జాబితాను ఒక కాగితముమీద వ్రాసి, నకళ్లను వేరొక చోట భద్రపరచి, ఏ మార్పు ఎందుకు చేసితిరో ఒక్కొక్క పంక్తి చేర్చి యుంచుడు. ఆ కాగితము యంత్రము ప్రక్కనే యున్నచో, తరువాత వచ్చువారికి గాలింపు తప్పును.